అద్దం చేప చెంప మీద నల్ల చుక్క

శరణమ్మ ఓర్వలేక తన తోడికోడలు గీసిన బొమ్మల మీద నల్ల ఇంకు చుక్కలు పెట్టి చెడగొట్టిందని మా సత్యనారాయణపేటలో ఒక మాట తిరుగుతోంది. పూలమ్మే దురుగమ్మ బుట్టలో మల్లెలతో పాటు ఆ మాటను కూడా గడపగడపకూ మోసింది. కొళాయి దగ్గర విన్నాను, పిండి గిర్నీలో విన్నాను. చివరికి సిరుగుప్ప బస్సులో నా పక్కన కూర్చున్న ముక్కూ ముఖం తెలియని ఆడమనిషి కూడా, "మీ ఈధిలోనే అంట గదా అక్కా, నిజమేనా?" అని నన్నే అడిగింది. చుక్కలు పెట్టిందన్న మాట అబద్ధం. ఓర్వలేకపోయిందన్నది అబద్ధం కాదు. ఈ రెండూ ఒకటే అనుకుని జనం ఒక మనిషిని గడప దాటించారు. అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను.

బొమ్మలు నేత్రవి కాబట్టి ముందు నేత్ర సంగతి.

నేత్ర పుట్టిల్లు కప్పగల్లు. మా ఎదురింటి యశోదమ్మకు చిన్న కోడలిగా వచ్చింది. భర్త జగదీశ్‌కు లారీ ఆఫీసులో పని, పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే నేను ఆ పిల్లను అడగవలసినవన్నీ అడిగేశాను. అన్నిటికీ ఒక్కో మాటే జవాబు. "నీకేం బాగా వస్తాది మే?" అని అడిగితే మాత్రం చాలాసేపు ఆలోచించి, "ఏమీ రాదు పెద్దమ్మా" అంది. అంత ఆలోచించి ఏమీ రాదని చెప్పేవాళ్ళను నేను నమ్మను.

ఆ ఇంట్లో అప్పటికే ఒకరికి అన్నీ వచ్చు. పెద్ద కోడలు శరణమ్మ. సిరుగుప్ప పిల్ల. ఆమె ముగ్గంటే మా వీధికి ఒక గొప్ప. శుక్రవారం పొద్దున వెనక వీధి ఆడవాళ్ళు పిల్లల్ని బడికి పంపే నెపంతో ఇటు తిరిగి వచ్చేవాళ్ళు. మోటారు సైకిళ్ళవాళ్ళు ఆ వాకిలి దగ్గర బండి నెమ్మదించి, ముగ్గు తొక్కకుండా గోడ పక్కగా పోయేవాళ్ళు. పిండి పట్టుకుని వంగిందంటే లేచేదాకా గీత తెగేది కాదు. ఫోన్లలో ఫోటోలు తీసుకునేవాళ్ళు, "శరణక్కా, నీ చేతికి బంగారు కడియం తొడగల్ల" అనేవాళ్ళు. యశోదమ్మ అరుగు మీద కూర్చుని ఆ మాటలన్నీ తనకే అన్నట్టు తల ఊపేది.

నేత్ర వచ్చాక పని ఇలా పంచుకున్నారు. ఊడ్చేది నేత్ర. నీళ్ళు చల్లేది నేత్ర. పిండి గిన్నె పట్టుకుని వెనకే నిలబడేది నేత్ర. ముగ్గు వేసేది శరణమ్మ. గిన్నె పట్టుకున్న ఆ పిల్ల ముగ్గును చూసేది కాదు, శరణమ్మ వేళ్ళనే చూసేది. ఆ చూపు నాకు బాగా తెలుసు. పక్కింట్లో కొత్త ఫ్రిజ్ దింపుతుంటే కిటికీ సందులోంచి చూస్తాం చూడండి, అదే చూపు.

ఒకసారి దురుగమ్మ పూలు కొలుస్తూ, "నువ్వు వేయవా మే చిన్నకోడలా?" అని అడిగింది.

నేత్ర నోరు తెరిచే లోపలే శరణమ్మ నవ్వుతూ అంది: "ఆమెకు చెయ్యి కుదరదు లే దురుగీ. గీత గీస్తే పాము పోయినట్ల పోతాది."

అందరూ నవ్వారు. నేత్ర కూడా నవ్వింది. గిన్నెను మాత్రం ఆ చేతిలోంచి ఈ చేతికి మార్చుకుంది.

ఇదిలా ఉండగా మా మేడ మీది గదిలోకి యశస్విని అనే పిల్ల అద్దెకు దిగింది. సిరుగుప్ప దగ్గర వరి పండించే ఇంటి పిల్లే. నీళ్ళలో బతికే చిన్న జీవుల మీద చదువుతోంది. అద్దెకు వచ్చినవాళ్ళ సామాను చూడడం నాకు మొదటినుంచీ ఇష్టం. కానీ ఇంత వింత సామాను నేనెన్నడూ చూడలేదు. మేజోడు మాదిరి పొడుగ్గా సాగిన సన్న బట్ట వల. పెట్టె నిండా నీళ్ళ సీసాలు. ఒక మైక్రోస్కోపు.

"ఏముండాది మే ఈ సీసాల్లో? ఉత్త కాలవ నీళ్ళే గదా!"

"చూడు పెద్దమ్మా" అని ఒక్క బొట్టు గాజు పలక మీద వేసి నన్ను కూర్చోబెట్టింది.

ముందు నా కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. తర్వాత ఏదో ఎగిరి గంతేసింది. ఒళ్ళంతా అద్దం మాదిరి ఉంది. నెత్తి నడుమ ఒకే ఒక కన్ను. తోక దగ్గర రెండు సంచులు వేలాడదీసుకుని, ఎవరో తరుముతున్నట్టు గెంతుతోంది.

"ఆ సంచులేందే?"

"గుడ్లు పెద్దమ్మా."

"అయ్యో, సంసారి!" అన్నాను. "మరి ఇది యాడికి పోతాండాది అంత జల్దీగా?"

"యాడికీ పోలేదు. నీళ్ళు యాడికి తోస్తే ఆడికే. ఎదురీదే బలం ఉండదు వీటికి. ఇట్లాంటివన్నిటినీ కలిపి ప్లాంక్టన్ అంటారు."

"మా కాలం కోడళ్ళ మాదిరంటావు" అన్నాను. ఆ రోజే మా కొళాయికి కట్టిన గుడ్డను రెండు మడతలు చేశాను.

కాలువలో, కుంటల్లో తేలాడే ఈ జీవులతో పాటు అక్కడ దొరికే వింత చేపలను కూడా చేర్చి యశస్విని ఒక పుస్తకం తయారుచేస్తోంది. ఫోటో తీస్తే ఒక కాలు స్పష్టంగా కనిపిస్తే ఇంకో కాలు మసకబారుతుందట. అందుకని చేత్తో గీసిన బొమ్మలే కావాలట. గీతలతో నీడలు దిద్దకూడదు. చుక్కలతోనే దిద్దాలి. చుక్కలు ఒత్తుగా పెడితే నలుపు, ఎడంగా పెడితే తెలుపు. "నేను గీస్తే వంకాయ కూడా కప్ప మాదిరి ఉంటాది పెద్దమ్మా. ఓపికగా చుక్కలు పెట్టే చెయ్యి ఒకటి కావల్ల" అంది.

చుక్కలంటే మా వీధిలో ఇంకెవరి పేరు వస్తుంది? "పొద్దున ఎదురింటి వాకిలి చూడు. శరణమ్మను అడుగు" అని నేనే చెప్పాను.

మరుసటి పొద్దున యశస్విని పోయి చూసింది. కానీ ముందు రోజు సాయంత్రమే శరణమ్మ తమ్ముడి బిడ్డకు పేరు పెట్టే శుభకార్యమని సిరుగుప్ప పోయింది. ఆ పొద్దున వాకిట్లో ముగ్గు వేసింది నేత్ర.

నేను కూడా పోయి చూశాను. నెమలి ఈక ఒక్కటి, జానెడు వెడల్పు, మూరెడు పొడుగు. అందులో ఒక్క గీత కూడా లేదు. గీత వంకర పోతుందని అన్నారు కదా, అందుకని గీతే లేకుండా వేసింది. రెండు వేళ్ళ సందున పిండి చిటికెడు పట్టి, చుక్క తర్వాత చుక్కగా రాల్చింది. ఈక నడుమ ఒత్తుగా, అంచులకు పోయేకొద్దీ పలచగా. గాలి వీస్తే కదులుతుందేమో అనిపించింది.

యశస్విని చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ముగ్గు పక్కనే గొంతుక్కూర్చుంది. "ఇది ఎవురు వేసినారు?"

"నేనే మేడం. శరణక్క లేదని సుమ్నే వేసినా" అంది నేత్ర, తప్పు చేసినదానిలా.

సుమ్నే, అంటే ఊరికే, వేసిన ఆ ఈకతో నేత్రకు బొమ్మల పని కుదిరింది. శరణమ్మ తిరిగి వచ్చేసరికి నేత్ర మధ్యాహ్నాలు మా మేడ ఎక్కుతోంది. నిజానికి అడగడానికి వచ్చింది శరణమ్మనేనని, ఆమె లేకపోవడం వల్ల నేత్రకు దక్కిందని దురుగమ్మ గుమ్మంలోనే చెప్పేసింది. శరణమ్మ చేతిలో సంచి ఇంకా దించలేదు.

"ఒక పొద్దు" అంది శరణమ్మ. "ఒక్క పొద్దు నేను లేకపోతే." సంచితోనే వంటింట్లోకి పోయింది. ఆ రోజు ఆ ఇంట్లో పప్పు మాడిన వాసన మా ఇంటిదాకా వచ్చింది.

నేత్ర పని చేస్తుంటే మేడ మెట్ల మీద బియ్యం చేట పెట్టుకుని కూర్చోవడం నాకు అలవాటయింది. ఒక కన్ను మైక్రోస్కోపు మీద, ఇంకో కన్ను కాగితం మీద పెట్టి ముందు పెన్సిలుతో గీసేది. తర్వాత సన్న పాళీ పెన్ను తీసి చుక్కలు మొదలుపెట్టేది. ఒక చిన్న పురుగు కాలికే ఒక మధ్యాహ్నం పట్టేది. పెన్ను కాగితం మీద పడే టిక్ టిక్ చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. చేపలు కూడా వచ్చాయి. కొంగ ముక్కు లాంటి పొడుగు మూతి చేప ఒకటి. జాలరులు తిట్టుకుంటూ గట్టు మీదికి విసిరేసే దెయ్యం చేప, ఒళ్ళంతా ఇనుప రేకులు తొడుక్కున్నట్టు నల్లగా ఉంటుంది. అన్నింటికన్నా అందమైనది అద్దం చేప. వేలెడంత ఉంటుంది. దాన్ని గాజు గిన్నెలో వేస్తే గిన్నె అడుగున పరిచిన కాగితం మీది అక్షరాలు దాని ఒంట్లోంచి కనిపిస్తాయి. ముల్లు ముల్లూ లెక్కపెట్టవచ్చు.

"తినేదానికి పనికిరాని చేపకు బొమ్మ ఎందుకు మే?" అని దురుగమ్మ అడిగింది.

"తినేటివి చట్టిలోకి పోతాయి గదా దురుగక్కా. వీటికి యాడన్నా ఒక చోటు ఉండల్ల" అంది నేత్ర. ఆ పిల్ల ఒకే ఊపిరిన అన్ని మాటలు మాట్లాడడం నేను వినడం అదే మొదలు.

యశస్విని ఒకటే మాట పదేపదే చెప్పేది. "నేత్రక్కా, జీవికి ఉండేదాన్ని వదలొద్దు, లేనిదాన్ని పెట్టొద్దు. ఈ బొమ్మల్లో ఒక్క చుక్క ఎక్కువైనా అది కన్నో, గుండో అనుకుంటారు చదివేవాళ్ళు." ఒకసారి ఆమె ఆ మాట అంటున్నప్పుడు, "అత్త పిలుస్తాండాది" అని చెప్పడానికి వచ్చిన శరణమ్మ మెట్ల మీద నిలబడి విన్నది.

కాలేజీవాళ్ళు బొమ్మలు చూడడానికి మా మేడ ఎక్కసాగారు. వాళ్ళకు కాఫీలిచ్చి పంపేది నేను. వాళ్ళు దిగిపోయాక వీధిలో ఎవరిని కదిపినా నేత్ర మాటే. ఇటు శరణమ్మ ముగ్గు రోజురోజుకూ పెరిగింది. వాకిలి దాటింది, కాలువ బండ దాటింది, రోడ్డు నడిమికి వచ్చింది. "అక్కా, నన్ను గాల్లో పొమ్మంటావా?" అని పాలవాడు గొణిగాడు. నేత్ర అద్దం చేప గీస్తోందని వీధికి తెలిసిన వారమే శరణమ్మ వాకిట్లో మనిషి పొడుగు చేప పడింది. ప్రతి పొలుసుకూ ఒక రంగు. తెల్లవారకముందే మొదలుపెట్టి ఎండెక్కేదాకా వేసింది.

వెనక వీధి లక్ష్మక్క వచ్చి చేతులు కట్టుకుని చూసింది. "బలే ఉండాదే. నేత్ర నేర్పించిందా శరణమ్మా?"

శరణమ్మ ముఖం చూసి నేను లోపలికి వచ్చేశాను. నాకే చూడబుద్ధి కాలేదు.

బొమ్మలన్నీ పూర్తయ్యాక యశస్విని వాటిని తన మేష్టారికి పంపింది. కొన్నాళ్ళకు అవి తిరిగి వచ్చాయి. ప్రతి బొమ్మ మీదా ఎర్ర సున్నా. ఆ సున్నా నడుమ ఒక నల్ల చుక్క. జీవిలో లేని చుక్క. ఒంటికన్ను పురుగుకు అది రెండో కన్నయి కూర్చుంది. అద్దం చేప చెంప మీద మచ్చయింది. ఇదేమన్నా కొత్త రకం జీవా అని మేష్టారు ముందు సంబరపడి, సీసాలు తెప్పించుకుని మళ్ళీ చూశాడట. ఏ చేపకూ ఏ పురుగుకూ ఆ చుక్క లేదు. బ్లేడుతో గీకితే కాగితం చిరుగుతోంది. మళ్ళీ గీస్తేనే నేత్ర పేరు పుస్తకంలోకి ఎక్కుతుంది, లేదంటే వేరే ఎవరి చేతనైనా గీయిస్తామని రాశాడు.

యశస్విని ఆ కాగితాలు పట్టుకుని నేరుగా ఎదురింటికి పోయింది. ఆమె వెనకే నేనూ పోయాను. వాకిట్లో యశోదమ్మ ఉంది, పూలు కొలుస్తూ దురుగమ్మ ఉంది.

"నేత్రక్కా, ఈ చుక్కలు పెట్టింది ఎవురు?"

నేత్ర కాగితాల వైపు చూసింది. నేననీ అనలేదు, నేను కాదనీ అనలేదు. తల దించుకుంది.

యశోదమ్మ చూపు వంటింటి వైపు పోయింది. దాని వెనకే దురుగమ్మ చూపు కూడా. "ఎవురూ లేనప్పుడు శరణక్క మేడ మీదికి పోతాంటే నేను చూస్తి గదా" అంది దురుగమ్మ.

శరణమ్మ తడి చేతులతో బయటికి వచ్చింది. "ఏంది?"

"పైకి పోయినావా మే?" అని అడిగింది అత్త.

"పోయినా."

"ఏంటికి?"

"చూడనీకి."

"చూసి?"

"చూసి దిగొస్తి." శరణమ్మ నేత్ర వైపే చూస్తూ నిలబడింది. నేత్ర మాత్రం గోడ వైపు చూసింది. "నువ్వు చెప్పు మే. నేనేనా?"

నేత్ర నోరు విప్పలేదు.

"సాకు" అంది శరణమ్మ. మా వైపు కన్నడం మాట, చాలు అని. "ఆమె నోటితో ఆమె చెప్పేదాకా ఈ గడప తొక్కను." ఆ మధ్యాహ్నమే సంచి సర్దుకుని సిరుగుప్ప బస్సెక్కింది. పెద్ద కొడుకు గురుస్వామి బస్టాండుదాకా వెంటపోయి బతిమాలి ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు. "హొట్టెకిచ్చు ఎంత పని చేయించిందో చూడు" అని వీధి అనుకుంది. హొట్టెకిచ్చు అంటే కడుపుమంట. అదేమిటో నాకూ తెలుసు. కానీ ఆ చుక్కలు నా మనసుకు సరిపడలేదు.

యశస్విని దగ్గర ఆ కాగితాలు అడిగి, వెలుతురులో వరసగా పరిచి చూశాను. చెడగొట్టాలనుకున్నవాళ్ళు సీసా వంచేస్తారు. లేదంటే బొమ్మ నడుమ బరికేస్తారు. ఈ చుక్క అట్లా లేదు. గుండ్రంగా, ముద్దుగా, తడి ఆరేదాకా ఊపిరి బిగబట్టి పెట్టినట్టు ఉంది. అన్ని బొమ్మల్లోనూ ఒకే చోట ఉంది, ఎడమ చెంప మీద. చెంపే లేని పచ్చటి గుండ్రటి జీవికి కూడా చెంప ఎక్కడ ఉండవచ్చో అక్కడ.

"నీకు చిన్నప్పుడు మీయమ్మ కాటుక చుక్క పెట్టలేదా మే?" అని యశస్వినిని అడిగాను.

ఆ పిల్ల నా ముఖం చూసింది, కాగితాలు చూసింది, మంచం మీద కూలబడింది. "దిష్టి చుక్కా? కాలవ పురుగుకా పెద్దమ్మా?"

"మధ్యాహ్నాలన్నీ కూచొని కాళ్ళూ చేతులూ దిద్దినాది గదమ్మా. ఆమెకు అది పురుగా?"

దిష్టి చుక్క అని తెలిసింది కానీ ఎవరు పెట్టారో నాకింకా రూఢి కాలేదు. పండగ ముగ్గు పెద్దదిగా వేసినప్పుడు దిష్టి తగలకుండా మూలన చిటికెడు బొగ్గుపొడి వేసే అలవాటు ఆ ఇంట్లో శరణమ్మదే. ఆమెను చూసే నేత్ర నేర్చుకుంది, కాబట్టి ఇద్దరిలో ఎవరైనా పెట్టి ఉండవచ్చు. అందుకని నేను కూడా సిరుగుప్ప బస్సెక్కాను. బస్సులో ఆ ముఖం తెలియని మనిషి నన్ను అడిగింది అప్పుడే.

శరణమ్మ పుట్టింటి వాకిట్లో వడ్లు ఆరబోసుకుంటోంది. నన్ను చూసి చేత్తో వడ్లు తిప్పడం ఆపలేదు.

"విచారణకు వస్తివా పెద్దమ్మా?"

"నీళ్ళు తాగనీకి వస్తిని. ఇస్తావా ఇయ్యవా?"

నీళ్ళిచ్చింది. తాగి చెంబు కింద పెట్టి అడిగాను. "నువ్వు పైకి పోయినప్పుడు ఆ చుక్కలు ఉండెనా లేదా?"

చెంబు లోపల పెట్టి వచ్చింది. తర్వాత వడ్ల నడుమే కూర్చుంది. "ఉండె. చూస్తానే తెలిసిపాయ. నా కన్నుకు పెట్టిండే చుక్కలవి. నా కన్నుకే! నేనేమన్నా దెయ్యాన్నా పెద్దమ్మా? చేతిలో గిన్నె ఉంటే గిన్నె పట్టుకోవడం నేర్పిస్తి, పిండి ఉంటే పిండి పట్టుకోవడం నేర్పిస్తి."

"మరి ఆ పొద్దు వాకిట్లో ఆ మాట ఏల చెప్పలేదు?"

"ఆమె చెప్పల్ల గదా. నేను చెప్తే ఎవురు నమ్ముతారు?" కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంకోటి కూడా ఉండాది. లేని చుక్క పెట్టొద్దని ఆ చదువుకున్న పిల్ల చెప్తాంటే నేను మెట్ల మీద వింటిని. అవి తిరిగొస్తాయని ఆ చుక్కలు చూసిన దినమే నాకు తెలుసు. ఒక మాట చెప్పింటే ఆమె మళ్ళీ గీసుకునేది, ఎవురికీ తెలిసేది కాదు. చెప్పలా. ఆ అద్దం చేపను చూసినాక చెప్పబుద్ధి కాలా. నా చేప రోడ్డంత పొడుగుండె, దాన్ని లారీ తొక్కిపాయ. ఆమె చేప వేలంత ఉండె. బతికుండె పెద్దమ్మా అది కాగితం మీద. ఇంకోసారి దాని దిక్కు చూడకుండా మెట్లు దిగితి."

"ఆమె వచ్చి పిలిస్తే వస్తావా?"

"ఈధిలో చెప్పినాక పిలవమను" అంది శరణమ్మ, మళ్ళీ వడ్లలో చెయ్యి పెట్టి.

తిరిగి వచ్చేసరికి నేత్ర మా మేడ మీదే ఉంది. యశస్విని సీసాలు తీసుకుని కప్పగల్లు వైపు కుంటలకు పోయింది. కొత్త కాగితం మీద అద్దం చేప మళ్ళీ మొదలైంది. తల వరకూ అయింది. చెంప ఖాళీగా ఉంది.

నేను చీర కొంగుతో ముఖం తుడుచుకుని ఎదురుగా కూర్చున్నాను. "సిరుగుప్ప పోయొస్తి."

పెన్ను ఆగింది.

"ఆ చుక్కలు పెట్టింది నువ్వు."

"నేనే పెద్దమ్మా."

"శరణమ్మ కన్నుకనా?"

"ఆమె మెట్ల మీద నిలబడి చూస్తాంటే నా ఒళ్ళు జలదరించేది. ఇంత బాగా వచ్చినాయి గదా, ఏమన్నా అయితాయేమో అని భయమేసె. మేడం వద్దన్నారని తెలుసు. ఒక్క చుక్కే గదా, అన్ని చుక్కల్లో కలిసిపోతాది అనుకొంటి. పెట్టినాకే నిద్దర పట్టె."

"అది మేడంకు చెప్పినావా?"

"నిన్న చెప్తి. తిట్టలేదు. మళ్ళీ గీయమన్నారు, చెంప జోలికి పోవద్దన్నారు." నేత్ర పెన్ను మూత పెట్టింది. "రేపు దురుగక్క వచ్చినప్పుడు వాకిట్లో అందరి ముందర చెప్తా. చెప్పి మా గురుస్వామి బావతో సిరుగుప్ప పోయి శరణక్క కాళ్ళు పట్టుకొని పిల్చుకొస్తా. నువ్వు రాసుకో పెద్దమ్మా, నేనే పెట్టినానని రాసుకో."

అంత సులువుగా చెప్పేస్తుందని నేను అనుకోలేదు. అడగవలసింది ఇంకొకటి మిగిలింది. మంచి పిల్ల, అబద్ధం చెప్పే పిల్ల కాదు. శరణమ్మ వాకిట్లో నిలబడి నేనేనా అని అడిగినప్పుడు ఒక్క మాట అని ఉంటే చాలు. భయపడిందనుకుందామంటే, చెప్పాలనుకున్నప్పుడు మేడంకు చెప్పనే చెప్పింది. యశోదమ్మకు చెప్పలేదు, జగదీశ్‌కు చెప్పలేదు, నాకు చెప్పలేదు. కొళాయి దగ్గర ఆడవాళ్ళు తన ముందే శరణమ్మను తిడుతుంటే బిందె నింపుకుని వచ్చేసింది.

"నేత్రా, నా మొఖం చూసి చెప్పు. ఇన్ని దినాలు నోరెందుకు మూసుకుంటివి?"

ఆ పిల్ల నా ముఖం చూసింది. కళ్ళు తిప్పుకోలేదు.

"నేనీ ఇంటికొచ్చినప్పట్నుంచీ శరణక్క ముగ్గు చూసి నా కడుపు కాలుతానే ఉండె పెద్దమ్మా. ఆమెకు అది తెలియనే తెలీదు, నా దిక్కు చూసేదే లేదు గదా. ఇప్పుడు ఈధంతా ఏమంటాండాది? నేత్ర బొమ్మలు చూసి శరణమ్మ ఓర్చుకోలేకపాయనంట, అంటాండాది. ఆ మాట ఇంకొన్ని దినాలు ఇనల్ల అనిపించె."